అరవచ్చట, ఏడవకూడదట!

జీతం పెంచమని ఎప్పుడు అడగాలన్న దగ్గర్నుంచి ఉద్యోగం ఎప్పుడు మారాలన్న దాకా, కెరీర్ సలహాలు చెప్పేవాళ్లు అన్నింట్లోనూ తలో మాట చెబుతారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: ఆఫీసులో ఏడవకండి. మరీ ఏడుపొస్తే వాష్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకోండి. ముఖం కడుక్కుని, ఏమీ జరగనట్టు వచ్చి సీట్లో కూర్చోండి. కళ్లెర్రబడ్డాయేమని ఎవరైనా అడిగితే ఏసీ పడలేదనో, రాత్రి నిద్ర లేదనో చెప్పండి. ఇదంతా ప్రొఫెషనలిజమట. ఇప్పుడు దీనికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని ఇంకాస్త ఘనమైన పేరు కూడా వచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో సాఫ్ట్ స్కిల్స్ క్లాసులు తీసుకునేవాళ్లు పిల్లలకు ఈ పాఠమే చెప్పి ఉద్యోగాల్లోకి పంపిస్తున్నారు.

ఈ పాఠం తప్పు. ఇది భావోద్వేగాలన్నిటినీ గేటు బయట వదిలి రమ్మనే రూలే అయితే నాకు అంత అభ్యంతరం ఉండేది కాదు. అందరికీ ఒకటే కదా అని ఊరుకునేదాన్ని. కానీ ఆ రూలు అందరికీ లేదు. మన ఆఫీసుల్లో భావోద్వేగాలకు కొదవేమీ లేదు. కొన్నింటికి అనుమతి ఉంది, కొన్నింటికి లేదు. అనుమతి ఉన్నవి ఎప్పుడూ పైకుర్చీలో కూర్చున్నవాళ్లవే.

కోపాన్నే తీసుకోండి. అదీ భావోద్వేగమే. అదీ ఒళ్లు తెలియనివ్వదు, అదీ మాట తడబడేలా చేస్తుంది, అదీ నిర్ణయాలు చెడగొడుతుంది. అయినా కోపం తెచ్చుకున్న ఆఫీసరుని ‘ఈయన ఎమోషనల్’ అని ఎవరూ అనరు. నేను ఒకప్పుడు పనిచేసిన పత్రికాఫీసులో పేజీలు ఆలస్యమైన రాత్రి ఎడిషన్ ఇన్‌ఛార్జి ప్రూఫులు తీసి నేలకేసి కొట్టేవారు. ఫోను పగలగొట్టిన సందర్భమూ ఉంది. ‘పని దగ్గర రాజీపడని మనిషి’ అని మేమే గొప్పగా చెప్పుకునేవాళ్లం. అదే డెస్కులో ఒక ట్రైనీ సబ్ ఎడిటర్, శీర్షికలో పడిన తప్పుకి పదిమంది ముందు చీవాట్లు తిని, తలొంచుకుని కళ్లు తుడుచుకుంది. మర్నాటికి తీర్పు వచ్చేసింది: ఈ అమ్మాయి డెస్కుకి పనికిరాదు, మహిళా పేజీకి పంపండి. ఫోను పగలగొట్టినవాడు డెస్కుకి పనికొచ్చాడు, కళ్లు తుడుచుకున్నది పనికిరాకపోయింది. పగిలిన ఫోను ఖరీదు ఆఫీసే పెట్టుకుంది, ఆ అమ్మాయి కన్నీళ్ల వల్ల ఆఫీసుకి పైసా నష్టం లేదు.

2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ మీటింగులో కింది ఉద్యోగులను టార్గెట్ల గురించి నోటికొచ్చినట్టు తిట్టిన వీడియో దేశమంతా తిరిగింది. బ్యాంకు ఆయన్ని సస్పెండ్ చేసింది. మంచిదే. కానీ ఆ గొంతు ఆ మీటింగులోనే కొత్తగా మొలిచిందని ఎవరైనా నమ్ముతారా? పాలసీలు అమ్మలేకపోయినందుకు, ఖాతాలు తెరిపించలేకపోయినందుకు రోజూ ఆ గొంతు వింటున్న బ్రాంచి ఉద్యోగులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ అరుపుకి పేరు ‘రివ్యూ’. ఆ రివ్యూ అయిపోయాక బయటికొచ్చి కళ్లు తుడుచుకుంటే దానికి పేరు ‘బలహీనత’.

ఇది నా ఉక్రోషం మాత్రమే అనుకునేవాళ్లకి ఒక పరిశోధన గుర్తు చేస్తాను. విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్‌మన్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన కొన్ని ప్రయోగాలను 2008లో ప్రచురించారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో కోపంగా మాట్లాడిన మగవాడికీ, అలాగే మాట్లాడిన ఆడమనిషికీ చూసినవాళ్లు ఎలా మార్కులు వేస్తారో చూశారు. మగవాడికి గౌరవం పెరిగింది, ఆమెకు తగ్గింది. ఆమె ట్రైనీ అయినా, సీఈఓ అయినా తగ్గింది. అంతకంటే ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటుంది. అతని కోపానికి కారణం పరిస్థితుల్లో వెతికారు, ఆమె కోపానికి కారణం ఆమె స్వభావంలో వెతికారు. అతనికి కోపం వచ్చింది, ఆమె కోపిష్టిది. ఏడవడం మాని మగవాళ్లలా గట్టిగా ఉండండమ్మా అని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఏడిస్తే ఒక ముద్ర, గట్టిగా మాట్లాడితే ఇంకో ముద్ర. మరి ఆమె ఏం చేయాలట? నవ్వుతూ ఉండాలట.

నవ్వు దగ్గరికి వచ్చాం కాబట్టి మన సామెత సంగతి కూడా తేల్చేద్దాం. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదని మన పెద్దలన్నారు. ఇందులో మొదటి సగాన్ని కంపెనీలు ఎప్పుడో కొట్టేశాయి. ఆస్పత్రి రిసెప్షన్‌లో, విమానంలో, కాల్ సెంటర్లో, బంగారు నగల షోరూమ్‌లో నవ్వే ఆడదాన్ని నమ్మడమే కాదు, ఆ నవ్వుకే జీతమిస్తున్నాయి, నవ్వకపోతే మెమో ఇస్తున్నాయి. వ్యాపారానికి అడ్డొచ్చిన సగం సామెతను అంత సులువుగా వదిలేసినవాళ్లు, రెండో సగాన్ని మాత్రం తరతరాల అనుభవసారమని ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు? పైగా దాన్ని ఇంకా విస్తరించారు. ఇప్పుడు ఏడ్చే మగవాణ్ణే కాదు, ఏడ్చే ఆడదాన్ని కూడా నమ్మరు.

మనసుకీ పనికీ సంబంధం లేదన్న మాట కూడా అబద్ధమే. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లోనే ‘ద మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకంలో ఈ బండారం బయటపెట్టింది. ఆమె ఒకవైపు డెల్టా ఎయిర్‌లైన్స్‌లోని విమాన పరిచారికలనూ, మరోవైపు బాకీలు వసూలు చేసేవాళ్లనూ చూసింది. వాళ్లు తమకున్న దానికంటే ఎక్కువ ప్రేమ చూపించాలి, వీళ్లు తమకున్న దానికంటే ఎక్కువ కర్కశంగా కనిపించాలి. రెండూ జీతం రాళ్ల కోసం మనసును వంచడమే. దీన్ని ఆమె భావోద్వేగ శ్రమ అంది.

డెల్టా దాకా పోనక్కర్లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో ఏదో ఒక చీరల కొట్లో కాసేపు కూర్చోండి. ఒక కుటుంబం వస్తుంది. ఇది వద్దు, అంచు బాలేదు, ఆ పైదాంట్లో ఇంకో రంగు తీయండి అంటూ సేల్స్ అమ్మాయి చేత పరుపు నిండా చీరలు విప్పిస్తుంది. ‘మళ్లీ వస్తామండీ’ అని లేస్తుంది. మళ్లీ రారని ఆ అమ్మాయికీ తెలుసు, వాళ్లకీ తెలుసు. ‘తప్పకుండా రండమ్మా’ అని ఆమె నవ్వాలి. నవ్వాక ఆ చీరలన్నీ మళ్లీ మడతపెట్టాలి. సేల్ పోయినందుకు ఫ్లోర్ ఇన్‌ఛార్జి మాట పడాలి. పొద్దుటి నుంచి నిలబడే ఉండే అలాంటి అమ్మాయిలకి కూర్చునే హక్కు ఇవ్వడానికి కేరళలో 2018లో చట్టం తేవాల్సి వచ్చింది, తమిళనాడులో 2021లో. కూర్చోవడానికే చట్టం కావలసిన చోట ఏడవడం గురించి ఎవరు మాట్లాడతారు? ఆమెకు తలుపేసుకుని ఏడవడానికి వాష్‌రూమ్ కూడా లేదు చాలా కొట్లల్లో. అందుకే ఈ ‘వాష్‌రూమ్‌కి వెళ్లి ఏడవండి’ అనే సలహా విన్నప్పుడల్లా ఇది గచ్చిబౌలి అద్దాల మేడల్లో పుట్టిన సలహా అని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు వాదన. ఏడ్చేవాడు పని చేయలేడు, ఏడుపు అసమర్థతకు గుర్తు.

2021 జనవరి 7. సిడ్నీ మైదానం. జాతీయగీతం వస్తుంటే హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. ప్రపంచమంతా చూసింది. ఆటో నడిపి కొడుకుని క్రికెటర్ని చేసిన తండ్రి మహమ్మద్ గౌస్ అంతకుముందు నవంబరులో చనిపోయారు. కొడుకు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు, అంత్యక్రియలకు రాలేదు. ఆ ఉదయం కన్నీళ్లు తుడుచుకుని బంతి అందుకున్న సిరాజ్ కాసేపట్లోనే డేవిడ్ వార్నర్‌ని అయిదు పరుగులకి ఇంటికి పంపాడు. అదే మ్యాచ్‌లో ప్రేక్షకుల్లో కొందరు అతని మీద జాతి దూషణలకు దిగితే నోరుమూసుకుని ఊరుకోలేదు, విషయం అంపైర్ల దాకా తీసుకెళ్లాడు, ఆట ఆగింది. ఆ తర్వాత బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు. ఆ సిరీస్‌లో భారత్ తరఫున అందరికంటే ఎక్కువ వికెట్లు, 13, అతనివే. అసమర్థత ఎక్కడ? జాతీయగీతం వేళ కన్నీళ్లు పెట్టిన బౌలరుకి కొత్త బంతి ఇవ్వకూడదని కెప్టెన్ అనుకుని ఉంటే నష్టపోయేది ఎవరు?

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, చంద్రుడి మీద దిగబోతున్న విక్రమ్ ల్యాండరుతో సంబంధాలు తెగిపోయాక, ఇస్రో అధ్యక్షుడు కె. శివన్ బెంగళూరులో ప్రధాని భుజం మీద వాలి ఏడ్చారు. ఏళ్ల తరబడి చేసిన పని కళ్ల ముందే పోతే ఏడవని మనిషికి ఆ పని మీద ఎంత పట్టింపు ఉన్నట్టు? ఆ సంస్థే 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. శివన్ ఏడ్చాడు కాబట్టి దిగిందని నేను చెప్పడం లేదు. అధ్యక్షుడు ఏడ్చినంత మాత్రాన సంస్థ కుప్పకూలలేదని మాత్రం చెబుతున్నాను.

ఇంకో సందర్భం. 2016 ఏప్రిల్ 24న ఢిల్లీలో ముఖ్యమంత్రుల, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సదస్సు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ ప్రధాని ఎదుటే మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. పది లక్షల జనాభాకి 50 మంది న్యాయమూర్తులు ఉండాలని లా కమిషన్ 1987లో చెప్పింది, ఇన్నేళ్లయినా కదలిక లేదు, 21 వేల మంది న్యాయమూర్తులను 40 వేలకు పెంచండి అన్నది ఆయన గోడు. ఆ కన్నీళ్లలో అంకెలున్నాయి, వాదన ఉంది. ఏడుస్తున్న మనిషి ఆలోచించలేడన్న సిద్ధాంతం ఆ రోజు ఆ వేదిక మీదే ఓడిపోయింది. ఆయన అడిగింది ఇప్పటికీ జరగలేదు, పది లక్షలకు యాభైలో సగం కూడా మనం చేరలేదు. ఆ వైఫల్యం ఏడ్చినవాడిది కాదు.

‘వాళ్లంతా పెద్దవాళ్లు, వాళ్లకి చెల్లుతుంది’ అంటారా? నేను చెబుతున్నదీ అదే. ప్రధాన న్యాయమూర్తి ఏడిస్తే వ్యవస్థ మీద చర్చ జరుగుతుంది. కోర్టు స్టెనో ఏడిస్తే ఆమె మీద చర్చ జరుగుతుంది.

ఈ తేడా ఎంత పాతదో తెలియాలంటే మహాభారతం తెరవాలి. కురుక్షేత్రం ఒక పనిచోటు అనుకుందాం. అర్జునుడు అక్కడికి వచ్చింది తన వృత్తిధర్మం నెరవేర్చడానికి. సరిగ్గా పని మొదలయ్యే వేళకి గాండీవం జారిపోయింది, ఒళ్లు వణికింది, కళ్లు నీళ్లతో నిండిపోయాయి. కృష్ణుడు మొదట కాస్త మందలించిన మాట నిజమే. కానీ మందలించి ఊరుకోలేదు. రథం ఆపి కూర్చున్నాడు, ప్రశ్నలు అడగనిచ్చాడు, జవాబులు చెప్పాడు. పద్దెనిమిది అధ్యాయాలు, ఏడువందల శ్లోకాలు. లోకం ఆ ఏడుపున్న అధ్యాయానికి విషాదయోగం అని పేరు పెట్టి పారాయణ చేస్తోంది.

ఇప్పుడు విరాటపర్వానికి వెళ్లండి. అదే కుటుంబానికి చెందిన ద్రౌపది. కానీ అప్పుడామె మహారాణి కాదు, సైరంధ్రి. రాణి సుధేష్ణకి జుట్టు దువ్వి, పూలు కట్టే పనిమనిషి. రాజుగారి బావమరిది, పైగా సేనాపతి అయిన కీచకుడు వెంటపడ్డాడు. యజమానురాలే ఏదో వంకతో అతని ఇంటికి పంపింది. తప్పించుకుని కొలువులోకి పరిగెత్తుకొస్తే నిండు సభలో కాలితో తన్నాడు. ఆమె ఏడుస్తూ న్యాయం అడిగింది. విరాటుడు ఏం చేశాడు? బావమరిదిని పల్లెత్తు మాట అనలేక నీళ్లు నమిలాడు. సభలో కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ఏమన్నాడు? వేళ తెలియకుండా ఇలా నటీమణిలా ప్రవర్తించకు, రాజుగారి జూదానికి అడ్డొస్తున్నావు, రాణివాసానికి వెళ్లు అన్నాడు. తిక్కన చదివినవాళ్లకీ, 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో సావిత్రిని చూసినవాళ్లకీ ఈ ఘట్టం కొత్త కాదు. ఆమె ఇచ్చిన జవాబు మన సాహిత్యంలో ఇచ్చిన చెంపపెట్లలో మొదటి వరసలో ఉంటుంది: భర్తే నటుడైతే భార్యకి నటన ఎందుకు రాదని.

కంకుభట్టుకి రహస్యం బయటపడుతుందన్న భయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాటల్ని మనం ఏ భయమూ లేకుండా రోజూ అంటున్నాం. ‘డ్రామాలాడకు’, ‘ఇది సమయం కాదు’, ‘మీటింగుకి అడ్డం రాకు’, ‘వెళ్లి హెచ్ఆర్‌తో మాట్లాడు’. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది, పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలన్నారు. ఆ కమిటీల ముందు కూర్చున్న మహిళల కన్నీళ్లని ఇప్పటికీ కంకుభట్టు కళ్లతో చూసేవాళ్లు తక్కువేమీ లేరు. ఏడ్చిందంటే నటిస్తోంది అంటారు. ఏడవకుండా చెప్పిందంటే ఇంత నిబ్బరంగా చెబుతోంది, జరిగి ఉండదు అంటారు. అన్నట్టు, ఆ రాత్రి సైరంధ్రి వంటశాలకి వెళ్లి వలలుడి వేషంలో ఉన్న భీముడి దగ్గర మళ్లీ ఏడ్చింది. అతను నటన అనలేదు. ఆ తర్వాత కీచకుడికి ఏమైందో చెప్పక్కర్లేదు.

ఏడుపు ఆయుధం అనేవాళ్లకి ఇంకో మాట. కన్నీళ్లతో పని జరిపించుకోవాలని చూసేవాళ్లు అసలు లేరని నేను అనను, ఉంటారు. దొంగ మెడికల్ బిల్లులు పెట్టేవాళ్లున్నారని మెడికల్ బిల్లులే రద్దు చేయం కదా. పైగా ఇది ఆయుధమే అయితే వాడినవాళ్లకి ఏం దక్కుతోందో చూడండి. ఐటీ కంపెనీలో టీమ్ ముందు ఏడ్చిన కుర్రాడికి ఆన్‌సైట్ అవకాశం వస్తుందా? ‘క్లయింటు ముందు నిలబడలేడు’ అని పేరు కొట్టేస్తారు. రేటింగు ఒక మెట్టు దిగుతుంది, ఆ తర్వాత పని మెరుగుపరుచుకోమనే పీఐపీ నోటీసు, ఆ తర్వాత రాజీనామా. ఇంత నష్టం తెచ్చే ఆయుధాన్ని తెలిసి తెలిసి ఎవరు ఎత్తుతారు?

రాజకీయాల్లో అయితే కన్నీటి విలువ పార్టీ జెండాను బట్టి ఉంటుంది. 2021 నవంబరు 19న శాసనసభ నుంచి వచ్చి మంగళగిరి విలేకరుల సమావేశంలో చంద్రబాబు నాయుడు వెక్కివెక్కి ఏడ్చినప్పుడు సగం రాష్ట్రం అయ్యో అంది, సగం రాష్ట్రం డ్రామా అంది. రెండు సగాల్లోనూ ఏం జరిగిందని చూసి తీర్పు చెప్పినవాళ్లు తక్కువ, ఎవరు ఏడ్చారని చూసి చెప్పినవాళ్లే ఎక్కువ.

తప్పు చెబితే ఏడుస్తారు కాబట్టి తప్పులు చెప్పలేకపోతున్నాం అన్నది మేనేజర్ల ఇంకో ఫిర్యాదు. ఈ ఫిర్యాదుకి నోబెల్ స్థాయి ప్రతినిధి కూడా ఉన్నాడు. 2001లో వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్న టిమ్ హంట్, 2015 జూన్‌లో సియోల్‌లో సైన్స్ జర్నలిస్టుల సదస్సులో ప్రయోగశాలల్లో అమ్మాయిలతో వచ్చే చిక్కుల గురించి మాట్లాడుతూ, విమర్శిస్తే ఏడుస్తారని అన్నాడు. తర్వాత సరదాకి అన్నానన్నాడు, గౌరవ పదవి వదులుకున్నాడు. సరదా సంగతి వదిలేసి ఫిర్యాదు చూద్దాం. ఎదుటివాళ్లు ఏడిస్తే చెప్పదలచుకున్నది చెప్పలేకపోతే అది చెప్పేవాడి చేతకానితనం. గ్లాసుడు నీళ్లిచ్చి, అయిదు నిమిషాలు ఆగి, చెప్పాల్సింది చెప్పండి. ఏడుస్తూ కూడా మనుషులు వింటారు. ఎదుటివాళ్ల కన్నీళ్లు చూడలేకపోవడం మీ ఇబ్బంది, దాన్ని వాళ్ల లోపంగా రాయకండి.

నిజానికి వినకుండా చేసేది ఏడుపు కాదు, ఏడుపు ఆపుకోవడం. జేన్ రిచర్డ్స్, జేమ్స్ గ్రాస్ 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముఖంలో భావం కనిపించకుండా బిగబట్టుకున్నవాళ్లకి ఆ సమయంలో చూసినవీ విన్నవీ తక్కువ గుర్తున్నాయి. అంతకుముందు 1997లో గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ ప్రచురించిన ప్రయోగాల్లో, బాధను అణచుకున్నవాళ్ల ముఖం ప్రశాంతంగానే ఉన్నా గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది. రివ్యూ మీటింగులో రాయిలా కూర్చున్న ఉద్యోగి మీ మాటలు శ్రద్ధగా వింటున్నాడని మీరు అనుకుంటున్నారు. అతని శ్రద్ధంతా కంటి రెప్పల దగ్గర ఉంది.

మరి ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్ ఏడిస్తే? 108 అంబులెన్సులో టెక్నీషియన్ ఏడిస్తే? ఇది న్యాయమైన ప్రశ్న. చేతిలో ప్రాణం ఉన్నప్పుడు ఏడుపును వాయిదా వేయాల్సిందే, వాళ్లు వేస్తున్నారు కూడా. వాయిదా అంటే తర్వాత ఒక తేదీ ఉండాలి కదా, ఆ తేదీ ఎవరిచ్చారు? కొవిడ్ రెండో అల వచ్చిన 2021 ఏప్రిల్, మే నెలల్లో నర్సులు ఒక మంచం దగ్గర శవాన్ని సర్ది పక్క మంచానికి నడిచారు. ఢిల్లీలో ఒక ఆస్పత్రి అధిపతి ఆక్సిజన్ నిండుకుంటోందని చెబుతూ టీవీ కెమెరా ముందే ఏడ్చేశాడు. ఆ రోజు అతను నిబ్బరంగా, ప్రొఫెషనల్‌గా, పరిస్థితి అదుపులో ఉందని చెప్పి ఉంటే ఎవరికి మేలు? ఆ కన్నీళ్లే అప్పటి అసలు హెల్త్ బులెటిన్.

బ్రిటన్ సంగతి కూడా ఎత్తుతారు. 2025 జులై 2న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ పార్లమెంటులో కన్నీళ్లతో కనిపించగానే ప్రభుత్వ బాండ్ల ధర పడిపోయింది, చూశారా ఒక్క కన్నీటి చుక్క ఖరీదు అంటారు. అంతకు ముందురోజే ప్రభుత్వం సంక్షేమ కోతల మీద వెనక్కి తగ్గింది. ఆమెను తప్పిస్తారేమో, కొత్తగా వచ్చేవాళ్లు అప్పులు పెంచుతారేమో అని మార్కెట్ బెదిరింది. మర్నాడు ప్రధాని ఆమె వెనక నిలబడ్డాక సర్దుకుంది. మార్కెట్ భయపడింది కన్నీటికి కాదు, కుర్చీ ఖాళీ అవుతుందేమోనని.

ఇంతవరకూ పాతకాలపు వాళ్లతో పోట్లాట. కొత్తకాలపు వాళ్లు ఇంకో రకం. వాళ్లు ఏడవొద్దనరు. ‘మీ భావాలను గౌరవిస్తాం’ అంటారు. నెలకోసారి వెల్‌నెస్ సెషన్ పెట్టి, కళ్లు మూసుకుని గాఢంగా శ్వాస తీసుకోమంటారు. కళ్లు తెరిచేసరికి అదే డెడ్‌లైన్, అదే షిఫ్టు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరికిచ్చి, ఆ ఒక్కరికి మానసిక దృఢత్వం మీద శిక్షణ ఇస్తారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని పనిచోటుకి సంబంధించిన పరిణామంగానే వర్ణించింది, జబ్బుల జాబితాలో చేర్చలేదు. మన దగ్గర మాత్రం దాన్ని ఉద్యోగి మనసుకి పట్టిన జబ్బుగా మార్చేశారు.

2024లో పుణెలో 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకే చనిపోయింది. పనిభారమే కారణమని తల్లి కంపెనీకి రాసిన ఉత్తరం బయటికొచ్చింది, కంపెనీ ఒప్పుకోలేదు. అంత్యక్రియలకి ఆఫీసు నుంచి ఒక్కరూ రాలేదని కూడా ఆ తల్లి రాసింది. దేశమంతా ఆ ఉత్తరం చదువుతున్న రోజుల్లోనే కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక సభలో, ఒత్తిడిని తట్టుకునే ఆత్మబలం ఇళ్లలో నేర్పాలి, దైవభక్తితో అది వస్తుంది అన్నారు. బాధితురాలిని తప్పుపట్టలేదని తర్వాత వివరణ ఇచ్చారు. ఆమె ఉద్దేశం ఏదైనా, మన సమాజం సహజంగా ఎటు చూస్తుందో ఆ మాట చెప్పింది. మోసేవాడి భుజాలను చూస్తాం, బరువు జోలికి పోం.

ఈ కొత్త తరహాలోనే అధిపతుల కన్నీళ్లు కూడా వచ్చాయి. 2022 ఆగస్టులో అమెరికాలో ఒక చిన్న మార్కెటింగ్ కంపెనీ సీఈఓ ఉద్యోగులను తీసేసి, తాను ఏడుస్తున్న సెల్ఫీ తీసుకుని లింక్డిన్‌లో పెట్టాడు. నేను కన్నీళ్ల పక్షానే మాట్లాడుతున్నాను గానీ ఆ ఫొటో పక్షాన మాట్లాడలేను. ఉద్యోగం పోయినవాడు ఇంటికెళ్లి పెళ్లాం పిల్లలకి ఏం చెప్పాలా అని ఏడుస్తుంటే, తీసేసినవాడి కన్నీళ్లకి లైకులు పడతాయి. అలాగే 2016లో అమెరికా పరిశోధకులు కొందరు ఒక సంగతి కనిపెట్టారు: ఏడ్చినవాళ్లు ‘పని మీద తపనతో ఏడ్చాను’ అని చెప్పుకుంటే ఎదుటివాళ్లు వాళ్లను ఎక్కువ సమర్థులుగా చూస్తారట. వెంటనే అది కెరీర్ చిట్కా అయిపోయింది. కంపెనీ మీద ప్రేమతో ఏడిస్తే సరే, కంపెనీ పెట్టిన బాధకి ఏడిస్తే కుదరదు. కన్నీళ్లకి కూడా ప్రజెంటేషన్ కావాలన్నమాట.

భావోద్వేగంతో కన్నీరు కార్చే జీవి మనిషి ఒక్కడే అంటారు. ఆ కన్నీటి పని చుట్టూ ఉన్నవాళ్లని సాయానికి పిలవడమేనని డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త యాడ్ వింగర్‌హూట్స్ ఏళ్లుగా చెబుతున్నాడు. పిలుపు విన్నవాడు చేయాల్సింది వచ్చి చూడటం. ఒక బ్రాంచిలో ఏడాదిలో ముగ్గురు ఏడ్చారంటే ఆ ముగ్గురి ధైర్యం కాదు, ఆ బ్రాంచి టార్గెట్ కాగితం తీసి చూడాలి. ఒక వార్డులో నర్సులు ఏడుస్తున్నారంటే రోస్టరు చూడాలి. ఒకే మేనేజరు గదిలోంచి జనం కళ్లు తుడుచుకుంటూ వస్తున్నారంటే ఆ గదిలోకి వెళ్లి చూడాలి. ఇదేమీ పెద్ద సంస్కరణ కాదు, ఖర్చూ లేదు. ఆడిటర్లు లెక్కల్లో తేడా వస్తే ఓచర్లు అడుగుతారు కదా, ఆ మాత్రం ఆసక్తి మనుషుల విషయంలోనూ చూపించమంటున్నాను.

మార్చి వచ్చిందంటే అప్రైజల్ ఫారాలు వస్తాయి. వాటిని నింపే మేనేజర్లకు ఒక విన్నపం. ఎవరి పేరు పక్కనైనా ‘ఎమోషనల్’ అనో, ‘టూ సెన్సిటివ్’ అనో రాయబోతే, అదే ఫారం పైన మీ పై అధికారి పేరు రాసి, ఆయన ఈ ఏడాది ఎన్నిసార్లు టేబుల్ గుద్దాడో, ఎంతమంది మీద అరిచాడో కూడా ఆ గడిలో రాయండి. అది రాసే ధైర్యం లేకపోతే, మొదటిది కూడా కొట్టేయండి.